ఊదా తీగకు నక్క తోటమాలి

జీడితోట కింద ఒక ఎర్రమట్టి గట్టు ఉండేది. దాని మీద గడ్డి మొలవదు, తుప్ప నిలవదు. నాలుగు చినుకులు పడితే చాలు, నీళ్ళలో వేసిన బెల్లంగడ్డలా కరిగి కిందికి జారేది. మనుషులు జీడిపిక్కలు రాలే రోజుల్లో వచ్చి ఏరుకుపోతారు, మళ్ళీ ఏడాది దాకా అటు చూడరు. చూడనివాళ్ళ సంగతి మనకెందుకు. గట్టు కింద కాపురం ఉన్నవాళ్ళ సంగతి చెబుతాను.

ముగ్గురే వాళ్ళు. ఒకటి ముసలెద్దు. బండి లాగాల్సినన్నాళ్ళు లాగి, ఇప్పుడు నీడన నెమరేస్తూ ఉంటుంది. ఏదైనా అడిగితే సగం పూట ఆలోచించి ఒక ముక్క చెబుతుంది. రెండోది మేక. ఎవరేం చెప్పినా ముందు తలాడిస్తుంది, తర్వాత వింటుంది. అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, ఒక్కోసారి మనింట్లోనే ఉంటారు. నేను పేర్లు చెప్పను.

మూడోది కోడిపెట్ట. ఈ కథ దానిదే.

గట్టు అడుగున పశువుల కుడితిగోలెం ఒకటి పగిలి బోర్లాపడి ఉంది. ఆ పగులు సరిగ్గా కోడి దూరేంత. నక్క మూతి పెడితే పట్టదు. అందుకే కోడి ఆ గోలెం కింద గూడు పెట్టుకుంది. ఇల్లు మంచిదే, దాని వెనకున్న గట్టే మంచిది కాదు. నిరుడు తొలకరికి గట్టు జారి, బురద వచ్చి గోలెం నిండిపోయింది. కోడి బయటపడింది గాని పొదుగుతున్న గుడ్లన్నీ మట్టిపాలయ్యాయి. నలుగురి ముందు అది ఏడవలేదు. కాని ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి, గట్టుకేసి గుర్రుగా ఒక చూపు చూసి గాని గింజ ముట్టేది కాదు.

"పెద్దయ్యా, ఈ ఏడు కూడా గట్టు జారితే నాకు పిల్లలు లేనట్టే," అంది ఎద్దుతో.

ఎద్దు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నెమరేసింది.

"దాని మీద ఏదైనా కప్పాలి," అంది.

"ఏం కప్పాలి?"

అది మర్నాటి ప్రశ్న కింద జమకట్టుకుని ఎద్దు కళ్ళు మూసుకుంది.

అనుకోకుండా జరిగేవి జరుగుతాయి. రోడ్డు పక్క బంగళా ఒకటి ఉంది. ఎద్దు ఆ దారిన వస్తూ, మెడ దురదపెడితే బంగళా కంచెకి ఒరుసుకుంది. కంచె మీంచి వేలాడుతున్న ఊదారంగు తీగ ఒకటి కొమ్ముకి చుట్టుకుంది. ఎద్దుకి తెలియదు. పెళ్ళికొడుకు బాసికంలా దాన్ని ఊపుకుంటూ వచ్చి, గట్టు మీద ఈగలు తోలుకోవడానికి ఒక్కసారి తల విదిల్చింది. తీగ ఊడి మట్టిలో పడింది. అప్పటికే వాడి వేలాడిపోయి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి కోడి ఎప్పటిలాగే గట్టుకేసి గుర్రుగా చూడబోయి ఆగిపోయింది. ఆ తీగ కణుపు కణుపునా వేళ్ళు దింపి, నేలని కరుచుకుని పాకుతోంది. ఆకులు కత్తుల్లా పొడుగ్గా, నేరేడుపండు తిన్న నాలికలా ఊదారంగులో ఉన్నాయి. అది పాకినంత మేర మట్టి రేణువు కదలడం లేదు.

మేక వచ్చి ఒక ఆకు కొరికి చూసింది. "రుచీపచీ లేదు మరదలా. ఇదేం మొక్క, తిండికి పనికిరానిది."

"నువ్వు తినకపోతే దాని ఆయుష్షు గట్టిదే వదినా," అంది కోడి. ఏడాది తర్వాత దాని గొంతులో నవ్వు వినపడింది.

అదిగో, అక్కడ దిగింది నక్క.

ఈ నక్కకి ఎద్దు కొమ్ము రుచి ఇదివరకే తెలుసు. ఎద్దు ఉండగా కోడి జోలికి రాదు. కాని గోలెం కింద కోడి గుడ్లు పెడుతోందని వాసన పసిగట్టి, గుటకలు మింగుతూ చుట్టూ తిరుగుతూ ఉండేది. ఆ రోజు దూరంగా నిలబడి, ఊదా తీగని చూసి చెవులు రెండూ మూసుకుంది, ఏదో వినకూడనిది విన్నట్టు.

"చెల్లెమ్మా, ఇదేమిటో తెలిసే పెంచుతున్నావా?"

"తెలీదు నక్కన్నా. మొలిచింది."

"మొలిచిందట. ఇది పట్టు తివాచీ బదులు దొరల వాకిట్లో పరిచే తీగ. ఆ బంగళాలో దీనికి ముగ్గురు మాలీలు. ఒకడు తుడవడానికి, ఒకడు తుంచడానికి, ఒకడు దిష్టి తియ్యడానికి."

"ముగ్గురే?" అంది మేక, తలాడిస్తూ.

"ముగ్గురున్నా చాలక నన్ను పిలుస్తుంటారు. రోజూ ఆకు ఆకునీ మెత్తటి దానితో తుడవాలి. కొసలు తుంచాలి. లేకపోతే వారం తిరక్కుండా మాడి మసైపోతుంది. ఇదిగో, నాకీ తోక ఇచ్చింది దేవుడు ఎందుకనుకున్నావు?"

కోడి కళ్ళ ముందు నిరుటి బురద కదిలింది. "మరి ఎట్లా నక్కన్నా?"

"నీ కష్టం చూసి ఊరుకోలేను. నేనే వచ్చి చూసుకుంటా. కూలి అనకు, తాంబూలం అనుకో. రోజుకో గుడ్డు."

"నేను రోజుకి ఒకటే పెడతాను."

"అందుకే ఒకటే అడిగాను. లేనిది అడిగే రకం కాదు నేను."

కోడి ఎద్దు వైపు చూసింది. ఎద్దు ఆలోచన మొదలుపెట్టింది. అది పూర్తయ్యేలోగా మేక తలాడించేసింది. "పెద్దవాళ్ళు చెప్పినప్పుడు వినాలి మరదలా. చూడు, ఎంత శాంతంగా మాట్లాడుతున్నారో బావగారు."

నక్కని శాంతంగా మాట్లాడుతోందని మెచ్చుకున్న మేకని నేను ఈ కథలోనే మొదటిసారి చూశాను.

ఒప్పందం అయిపోయింది. నక్క పెట్టిన నియమాలు రెండు. తను పని చేస్తున్నంతసేపూ ఎవరూ గట్టుకేసి చూడకూడదు, దిష్టి తగులుతుంది. ఎవరూ తీగని ముట్టకూడదు, మైల తగులుతుంది. కాబట్టి రోజూ పొద్దున ముసలెద్దూ మేకా కోడీ వరసగా గట్టుకి వీపు పెట్టి కూర్చునేవి, అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడళ్ళలా. వెనకాల నక్క జీడిచెట్టు నీడన కాళ్ళు చాపి, తోక తలకింద పెట్టుకుని, కమ్మగా ఒక కునుకు తీసేది. కంచే చేను మేస్తోందంటారు, ఈ కంచె కనీసం మేసిందీ కాదు, పడుకుంది.

లేచి ఒళ్ళు విరుచుకుని వచ్చేది. "అబ్బ, నడుం పడిపోయింది చెల్లెమ్మా. అన్ని ఆకులూ తుడిచాను. కొసలు తుంచాను. తుంచిన చోటల్లా రసం కారి, ఇదిగో, కాళ్ళూ మూతీ జిగటే జిగట."

"పాపం," అనేది మేక.

గుడ్డు చేతబడగానే నక్క వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ అదే వీపులు, అదే కునుకు, అదే జిగట కబురు.

తీగ మాత్రం దాని మానాన అది పాకుతూనే ఉంది. అయితే తుంచి నాటేవాళ్ళు లేక, పడిన చోట చుట్టూనే గుబురుగా పెరిగింది. గట్టులో ముప్పాతిక ఇంకా బోడిగానే ఉంది. పడమట మబ్బులు కూడడం మొదలైంది. కోడి ఒంట్లో పొదుగు వేడి పుట్టింది, ఈకలు నిక్కబొడుచుకున్నాయి. గోలెం కిందికి వెళ్ళి, ఏమీ లేని చోట కాసేపు కూర్చుని లేచి వచ్చేది. ఏ గుడ్ల కోసం గట్టుని కాపాడాలనుకుందో ఆ గుడ్లన్నీ గట్టు పేరు చెప్పి నక్క కడుపులోకి పోతున్నాయి.

ఒక పొద్దున అది గట్టిగా చెప్పేసింది. "నక్కన్నా, ఇకమీదట పెట్టినవి నేను దాచుకుంటాను. పొదుగుకి కూర్చోవాలి."

నక్క మొహం వాడిపోయింది, కాని గొంతులో తేనె తగ్గలేదు. "నీ ఇష్టం చెల్లెమ్మా. నా తోక నాతో తీసుకుపోతున్నా. తుడిచే దిక్కులేక తీగ మాడిపోతే, నన్ను తిట్టుకోకు."

"మిమ్మల్నెందుకు తిడుతుంది బావగారూ, దాని ఖర్మని తిట్టుకుంటుంది," అని మేక సర్దిచెప్పింది.

నక్క వెళ్ళింది. కోడి ప్రాణం అరచేతిలో పెట్టుకుని రోజూ తీగకేసి చూసేది. ఎండ మండిపోయింది. తుడిచినవాళ్ళు లేరు, తుంచినవాళ్ళు లేరు, చుక్క నీళ్ళు పోసినవాళ్ళు లేరు. తీగ ఇంకాస్త ఊదాగా మెరిసి, కొసల్లో చిన్న చిన్న గులాబీరంగు పువ్వులు పెట్టింది. గోలెం కింద గుడ్లు ఒక్కొక్కటే పోగయ్యాయి. కోడి వాటి మీద ఒళ్ళు పరిచి కూర్చుంది.

ఇంత సుఖం మేకకి కడుపులో ఆగలేదు. ఒకనాటి పొద్దున నక్క ఉండే బండరాయి దాకా వెళ్ళి మరీ చెప్పి వచ్చింది. "మీరు లేకపోయినా తీగ భలేగా ఉంది బావగారూ. పువ్వులు కూడా పూసింది. మీ చలవే."

నక్కకి ఆ పువ్వులు కళ్ళలో గుచ్చుకున్నాయి. ఈ మాట నలుగురికీ తెలిస్తే ఇక ఏ తోటలోనూ తన తోకకి గిరాకీ ఉండదు. "మీ మరదలికి చెప్పు, రేపు చూడమని," అంది.

ఆ మధ్యాహ్నం ఎద్దూ మేకా వాగుకి నీళ్ళకి వెళ్ళాయి. కోడి గోలెం కింద గుడ్ల మీంచి దిగలేదు. గట్టు మీద గలగల చప్పుడైతే, మేక వచ్చి మేస్తోందేమో అనుకుంది. అది మేక కాదు. నక్క నోటితో పీకింది, కాళ్ళతో చీరింది, ముక్కలు ముక్కలు చేసి పైకీ కిందికీ గట్టంతా విసిరింది. ఎండలో ఎండి చావాలని బోడిమట్టి మీదికే ఏరి ఏరి విసిరింది. చివరికి దాని మీద పడి దొర్లింది కూడా. పువ్వొక్కటి కూడా మిగల్లేదు.

సాయంత్రం కోడి బయటికి వచ్చి చూసి, అక్కడే కూలబడింది. మబ్బులు ఇంకాస్త కిందికి దిగి ఉన్నాయి.

మర్నాడు తెల్లారేసరికి నక్క హాజరు. చావింటికి వచ్చిన చుట్టంలా తల వాల్చుకుని వచ్చింది.

"చెప్పానా లేదా చెల్లెమ్మా. చెయ్యి తీసేసరికి చూడు, ముక్కలై రాలిపోయింది. దీన్ని మళ్ళీ బతికించే విద్య ఒక్క నా దగ్గరే ఉంది. కాని ఈసారి ఒక గుడ్డుకి కుదరదు. గోలెం కింద దాచుకున్నవన్నీ ఇవ్వాలి."

"అన్నీనా?"

"వాన వస్తే ఎలాగూ బురదలో పోయేవేగా."

కోడి గట్టుకేసి ఒకసారి, గోలెం కేసి ఒకసారి చూసింది. ఇవ్వకపోతే గట్టు జారి పోతాయి. ఇస్తే ఇచ్చినట్టు పోతాయి. లోపలికి వెళ్ళి, ఒక గుడ్డుని ముక్కుతో దొర్లించుకుంటూ గోలెం పగులు దాకా తెచ్చింది. తెచ్చి, తలెత్తింది.

నక్క జీడిచెట్టు మొదలుకి మూతి రుద్దుకుంటోంది. రుద్దుకోవడం ఆపి ముందుకాలు నాక్కుంది. నాకడం ఆపి పొట్ట గోక్కుంది.

"మూతికేమైంది నక్కన్నా, అలా వాచింది?"

"తేనెటీగ కుట్టింది."

"కాళ్ళకి?"

"దాని చుట్టాలు."

"పొట్టకి కూడానా?"

"ఊరంతా వచ్చింది చెల్లెమ్మా, ఏం చెప్పమంటావు. తొందరగా గుడ్లు తీసుకురా."

మేక జాలిపడింది. "నిన్న పొద్దున నేను వచ్చి పువ్వుల సంగతి చెప్పినప్పుడు ఒళ్ళంతా నున్నగా ఉంది బావగారిది. ఒక్క పూటలో ఎంత తేడా వచ్చిందో."

కోడి ఆ మాట వింది. వాచిన మూతి చూసింది. గట్టంతా చిందరవందరగా పడి ఉన్న ముక్కల్ని చూసింది. అప్పుడొక ముక్క దగ్గరికి వెళ్ళి, కాలితో కదిపింది. వాడి మెత్తబడి ఉంది.

"పెద్దయ్యా, నీ కొమ్ము మీంచి పడ్డ రోజున ఆ తీగ ఎలా ఉంది?"

"ఇలాగే వాడి ఉంది," అంది ఎద్దు.

"దాన్ని ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదు."

కోడి వెనక్కి వచ్చి గుడ్డు పక్కన నిలబడింది. గొంతు మెత్తగా పెట్టింది. "సరే నక్కన్నా, నువ్వే దిక్కు. ఈ ముక్కలన్నీ గట్టంతా గుచ్చిపెట్టు. ఇదిగో, నీ తాంబూలం కళ్ళెదురుగానే ఉంటుంది. కాని ఈసారి మేం ఇటు తిరిగి కూర్చుంటాం."

"దిష్టి తగులుతుంది చెల్లెమ్మా."

"చచ్చిన మొక్కకి దిష్టేమిటి. అయినా రోజూ తుంచినవాడివి, తుడిచినవాడివి, నీకిది కొత్తా?"

నక్క గుడ్డుకేసి చూసింది. తెల్లగా, నున్నగా, పొద్దుటి ఎండలో మెరుస్తోంది. దాని వెనక చీకట్లో ఇంకా ఉన్నాయి. నోట్లో నీళ్ళూరాయి. ఒక ముక్క నోట కరిచి మట్టిలో గుచ్చింది.

ఆ ఊదా తీగ ఎద్దునేం చెయ్యదు, మేకనేం చెయ్యదు, కోడినేం చెయ్యదు. దాని రసం పడనిది కుక్కజాతికి, దాని దాయాది నక్కజాతికి. విరిచిన కణుపు తగిలిందా, చెమడాలు లేచిపోవాల్సిందే. రెండు ముక్కలు గుచ్చేసరికి నక్క మూతి ముల్లంగి దుంపలా ఉబ్బింది. నాలుగు గుచ్చేసరికి ముందుకాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఒక ముక్క నాటడం, రెండుసార్లు గోక్కోవడం. పైకి ఎక్కడం, పొట్ట రుద్దుకుంటూ కిందికి జారడం. జాతరలో డప్పు వినపడ్డవాడిలా గట్టంతా చిందులేసింది.

"నేను ఆకు తిన్నా నాకేం కాలేదు, ముట్టుకున్నందుకే మీకింత దురదేమిటి బావగారూ," అని మేక ఆశ్చర్యపోయింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు."

"నువ్వు నోరు ముయ్యి," అంది నక్క, వీపు మట్టికి రాస్తూ. మేకతో శాంతంగా మాట్లాడకపోవడం అదే మొదలు.

కోడి మాత్రం పనిలో ఒంకలు వెతికే మేస్త్రీలా కిందనుంచి పురమాయిస్తూనే ఉంది. "ఆ మూల వదిలేశావు నక్కన్నా. కొంచెం లోతుగా. అదిగో, ఆ పెద్దముక్క తలకిందులుగా పెట్టావు, తీసి మళ్ళీ పెట్టు."

నక్క తీసి మళ్ళీ పెట్టింది. గోక్కుంది. మళ్ళీ పెట్టింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గట్టు పైనుంచి కింది దాకా వరసలు వరసలుగా ఊదా ముక్కలు నిలబడ్డాయి. అంత చక్కటి నాటు ఆ బంగళాలో కూడా లేదు. పని చేతనైన వాడే నక్క. చెయ్యకపోవడమే దాని రోగం.

ఒంటికాలి మీద గెంతుకుంటూ గోలెం దగ్గరికి వచ్చింది. "అయిపోయింది. ఇయ్యి."

"ఒక్క మాట అడిగి ఇస్తాను," అంది కోడి. "ఇన్నాళ్ళూ రోజూ కొసలు తుంచానన్నావు. కాళ్ళూ మూతీ రసంతో జిగటే జిగట అన్నావు. ఆ రసం తగిలితే నీ ఒళ్ళు ఏమవుతుందో ఇవాళ అందరం కళ్ళారా చూశాం. ఆ రోజుల్లో ఒక్కనాడైనా గోక్కున్నావా?"

నక్క గోక్కోవడం ఆపాలని చూసింది. ఆగలేదు.

"గోక్కోలేదు. అంటే ఇన్నాళ్ళూ తీగని ముట్టలేదు. ముట్టింది నిన్నా, ఇవాళా. ఇవాళ నాటడానికి ముట్టావు. నిన్న దేనికి ముట్టావు?"

మేక తల ఆడించబోయి, ఎటు ఆడించాలో తెలియక మధ్యలో ఆపేసింది.

"పీకడానికి," అంది ఎద్దు.

అంత త్వరగా ఆ ఎద్దు జవాబు చెప్పడం ఎవరూ ఎరగరు. చెప్పి లేచి నిలబడింది. కొమ్ములు ఒకసారి మట్టిలో రాసి దులుపుకుంది.

నక్క నాలుగడుగులు వెనక్కి వేసింది. అయినా ఆశ చావలేదు. "సరే, అదంతా పోనీ. నాటాను కదా. పొద్దుటినుంచి ఒళ్ళు హూనం చేసుకున్నానా లేదా. ఈ ఒక్క పూట కూలైనా ఇవ్వాలా వద్దా?"

"న్యాయమే," అంది కోడి. "కాని ముందే తిన్నావు కదా నక్కన్నా. ఇన్నాళ్ళూ మింగినవన్నీ ఇవాళ్టి పనికే."

అని గుడ్డుని ముక్కుతో లోపలికి దొర్లించుకుని, దాని వెనకే తనూ వెళ్ళి కూర్చుంది. నక్క గోక్కుంటూ వాగు వైపు పరిగెత్తింది. నీళ్ళలో పడి లేచిన చప్పుడు తోట దాకా వినపడింది.

వాన వెంటనే రాలేదు. మబ్బులకి కూడా కాస్త ఇంగితం ఉన్నట్టుంది, ముక్కలు వేళ్ళు దించే దాకా ఆగాయి. ఆగి, ఒకనాడు కుండలతో కుమ్మరించినట్టు కురిశాయి. కోడి గోలెం కింద కళ్ళు మూసుకుని కూర్చుంది. నీళ్ళ చప్పుడు విన్నది, మట్టి చప్పుడు వినలేదు. వాన వెలిశాక తల బయట పెట్టి చూస్తే, గట్టు గట్టులాగే ఉంది. ఊదా ఆకులు చుక్కల్ని నిలబెట్టుకుని, అంత పెద్ద వానని కాసింత పన్నీటి చిలకరింపులా తీసిపారేశాయి.

తర్వాత కోడి పిల్లల్ని వెంటేసుకుని ఆ ఊదా తివాచీ మీద ఊరేగింపుగా తిరిగింది. పిల్లలు ఆకుల కింద దూరి పురుగులేరుకునేవి, పిలిస్తే గులాబీరంగు పువ్వుల మధ్యనుంచి పసుప్పచ్చటి తలలు లేపేవి. నక్క ఎప్పుడైనా ఆ వైపు వచ్చినా, గట్టు ఇవతల ఒక అడుగు దూరంలో ఆగిపోయి, చూసిన కంటినే గోక్కుని వెళ్ళిపోయేది. ఆ గట్టుకి అంతకు మించిన కావలి ఎవరూ పెట్టలేదు. నీళ్ళు పొయ్యలేదు, తుడవలేదు, దిష్టి తియ్యలేదు.

మేక వచ్చి, "పోనీలే మరదలా, బావగారు నాటబట్టే కదా ఇంత అందం," అంది. కోడి దానికి మంచినీళ్ళ దారి చూపించింది, మంచి మాటలు చెప్పింది, గట్టు మీద కూర్చోనిచ్చింది. పిల్లల పేర్లు మాత్రం, చెబితే ఏ బండరాయి దాకా వెళతాయో తెలుసు కాబట్టి, ఇప్పటికీ చెప్పలేదు.

చేశానని చెప్పుకునే పనికి చేసినవాడి ఒంటి మీద ఆనవాలుండాలి, లేకపోతే అది పని కాదు, కబురు.